స్థలాబావం

(కథకుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండీ.

వేదిక మీదున్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకుని, ఒక్కొక్కరికీ ఒక విశేషణం తగిలించి మొదలుపెట్టడం మర్యాద. ఆ విశేషణాలన్నీ ఆహ్వాన పత్రికలో ఉన్నాయి. ఆ పత్రిక కంపోజ్ చేసింది నేనే. ‘సుప్రసిద్ధ’ ఇద్దరు, ‘ప్రముఖ’ ముగ్గురు, ‘వర్ధమాన’ ఒక్కరు. ఆ వర్ధమాన రచయిత్రిని నేను. నాకు మొన్న శ్రావణానికి యాభై తొమ్మిది నిండాయి. కార్యదర్శి గారు రాసిచ్చిన కాగితంలో అలాగే ఉంది. రాసిచ్చింది రాసిచ్చినట్టు కొట్టడం నా వృత్తి కాబట్టి మార్చలేదు.

నాకిచ్చిన అంశం ‘డిజిటల్ యుగంలో రచయిత’. ఇచ్చిన టైము పదిహేను నిమిషాలు. నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను. రెండో పాయింటు దగ్గరే దారి తప్పుతానని మా ఆయన పందెం కాశాడు. అదుగో, చివరి వరసలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

మొదటి పాయింటు. నేను డిజిటల్ యుగంలోకి రచయిత్రిగా రాలేదండీ, కూలికి వచ్చాను. 1996లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో, మేడ మెట్ల కింద గదిలో డిటిపి సెంటర్, అంటే కంప్యూటరు మీద పుస్తకాలు కంపోజ్ చేసిచ్చే దుకాణం, పెట్టాం. మా ఆయన బైండింగ్ పని చేసేవాడు, ఆ పరిచయాల మీద పని దొరుకుతుందని ధైర్యం. మా బావగారు అప్పిస్తే ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు కొన్నాం. తర్వాత ఒక ఏసీ. ఏసీ కంప్యూటరు కోసం, నా కోసం కాదు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిన నెల దాన్ని ఆపేసి కిటికీ తీసేవాళ్లం. అప్పుడు కంప్యూటరూ నేనూ ఒకేలా వేడెక్కేవాళ్లం.

ఈ గదిలో ముప్పై ఏళ్లలోపు పిల్లలు కొందరున్నారు కాబట్టి, అప్పుడు తెలుగు ఎలా కొట్టేవాళ్లమో ఒక్క నిమిషం చెబుతాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరిచి, అను ఫాంటు పెట్టుకుని, ఆపిల్ కీబోర్డు మీద కొట్టేవాళ్లం. ఆపిల్ అంటే ఫోను కాదు, అక్షరాల వరసకి ఆ పేరు. అక్షరం ఒక మీట, గుణింతం ఒక మీట, వత్తు ఇంకో మీట. అయ్యాక బటర్ పేపరు మీద ప్రింటు తీసి ప్రెస్సుకిస్తే, దాన్నుంచి ప్లేటు చేసి, ఫారానికి పదహారు పేజీల చొప్పున అచ్చేసేవాళ్లు. తెర మీద కనిపించేది తెలుగే, కాని కంప్యూటరుకి అది తెలుగని తెలియదు. దాని లెక్కలో అవన్నీ ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. పైన తెలుగు బొమ్మ తొడుగు వేశాం, అంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తొడుగు జారిపోతుంది. మీ నవల మొత్తం కోడి గెలికిన పెంటలా కనిపిస్తుంది.

ఈ తొడుగు మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

పేజీకి పది రూపాయలు తీసుకునేదాన్ని. నవలాకారులు ఏమీ అనేవాళ్లు కాదు. కవులతోనే పేచీ. పేజీ మొత్తానికి ఏడు మాటలుంటే దానికీ పది రూపాయలేనా అని అడిగేవారు. ఒకాయనైతే వరసకి ఒకే మాట పెట్టించి, మధ్యలో తెల్లగా వదిలిన పేజీకి డబ్బెందుకివ్వాలని గొడవ. ఆ తెలుపే కవిత్వమని ముందుమాటలో ఆయనే రాసుకున్నారు, ఆ ముందుమాట కూడా నేనే కొట్టాను. సరే, ఐదు రూపాయలకి ఒప్పుకున్నాం.

చేతిరాతలు! మీలో సగం మంది చేతిరాతలు నాకు తెలుసు. ఎవరు కొట్టివేతలు ఎక్కువ చేస్తారో, ఎవరు చివరి వాక్యం నాలుగుసార్లు మారుస్తారో, ఎవరి కథలో పెళ్లాం పేరు ఐదో పేజీలో లక్ష్మి, తొమ్మిదో పేజీలో సుజాత అవుతుందో కూడా తెలుసు. ఆ సుజాతని ఎన్నోసార్లు నేనే లక్ష్మిగా మార్చాను, ఎవరికీ చెప్పకుండా. పేర్లు బయటపెట్టనులెండి, భయపడకండి.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. మన కథకుల్లో ‘కథ’ అని సరిగ్గా రాసేవాళ్లు తక్కువ. ‘కధ’ అని రాస్తారు. నేను థ పెట్టి కొడితే, ప్రూఫులో ఎర్రసిరాతో దాన్ని మళ్లీ ధ చేసి, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి పంపినవాళ్లున్నారు. తీరా పుస్తకం వచ్చాక ఎవరో సమీక్షలో ఎత్తిచూపితే ‘డిటిపి తప్పులు’ అన్నారు. పుస్తకంలో నా సెంటరు పేరు రెండో పేజీలో, ధర కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ పేరు వెతికి మరీ తిట్టేవాళ్లు. తప్పొప్పుల పట్టిక కూడా నేనే కొట్టేదాన్ని. ఒకసారి ఆ పట్టికలోనే తప్పు పడింది. దానికి ఇంకో చీటీ అతికించాం.

పందెం మా ఆయనే గెలిచేట్టున్నాడు. రెండో పాయింటుకి వస్తాను. తిరస్కరణ.

పగలంతా జనం కథలు కొట్టి, రాత్రి నావి రాసుకునేదాన్ని. కాగితం కొనేదాన్ని కాదు. ఫస్టు ప్రూఫు కాగితాలు పనయ్యాక చిత్తుకి పోతాయి కదా, వాటి వెనక తెల్లగా ఉంటుంది. ముందువైపు ఎవరిదో నవల ముప్పై రెండో పేజీ, వెనకవైపు నా కథ మొదటి పేజీ. మా సందులో కరెంటు పోయినప్పుడల్లా రాశాను. కరెంటుంటే కూలి పని, లేకపోతే నా పని. అందుకని వేసవిలో ఎక్కువ రాశాను.

మంచి కాగితాల మీద తిరగరాసి, హామీ పత్రం జతచేసి, స్టాంపులు అతికించిన తిరుగు కవరు పెట్టి పంపేదాన్ని. ‘ఈ కథ నా స్వంతం, దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’. ఆ హామీ పత్రం మీ అందరికీ కంఠతా వచ్చు. కవరు మీద నా అడ్రసు నా చేతిరాతలోనే ఉంటుంది కాబట్టి, పోస్ట్‌మ్యాన్ సందు మొదట్లో ఉండగానే తెలిసిపోయేది, తిరిగొచ్చిందని. మన చేతిరాతే మనకి ఎదురొస్తుందండీ, అంతకంటే చిన్నతనం ఏముంటుంది. మా పోస్ట్‌మ్యాన్ మంచివాడు. లావు కవరయితే నలుగురి ముందు ఇచ్చేవాడు కాదు, ప్రింటరు వెనక పెట్టి వెళ్లేవాడు.

2001లో అనుకుంటా, ఒక పత్రిక ఆఫీసు నుంచి కుర్రాడొచ్చాడు. ఏ పత్రికో చెప్పను. స్లిప్పులు కావాలి, ఏ-ఫోర్ కాగితానికి నాలుగు చొప్పున, మొత్తం అయిదొందలు. మ్యాటరు కాగితమ్ముక్క మీద రాసిచ్చారు. ‘నమస్కారం. మీ రచన అందినది. స్థలాభావం వల్ల ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. మీ సహకారాన్ని ఇకముందు కూడా కోరుతున్నాము.’ కొట్టి ఇచ్చాను. ముప్పై రూపాయల పని. ప్రూఫు ఎవరూ చూడలేదు. నాలుగు వరసలకి ప్రూఫేమిటి అనుకున్నాం.

నాలుగు నెలల తర్వాత నా కథ ఒకటి తిరిగొచ్చింది. ప్రింటరు వెనక నుంచి తీసి, కవరు చించాను. పైన పిన్ను పెట్టిన స్లిప్పు.

స్థలాబావం.

భకి వత్తు లేదు. బ ఉంది. నా బ. నిద్రమత్తులో కొట్టుంటాను. అయిదొందల మందికి నేను పంపిన తప్పు, తిరిగి నా ఇంటికొచ్చింది.

నిజం చెబుతున్నాను, కథ తిరిగొచ్చినందుకు అప్పుడు ఏడుపు రాలేదు. ఆ బ చూసి సిగ్గేసింది. కథని పక్కన పడేసి, ఎర్ర పెన్ను తీసుకుని స్లిప్పు ప్రూఫు దిద్దాను. బ చుట్టూ సున్నా చుట్టి, మార్జిన్‌లో భ రాశాను. అలా దిద్దుతుండగా మాస్టారు వచ్చారు.

మాస్టారంటే, ఇక్కడ సగం మందికి తెలుసు, పేరక్కర్లేదు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తన కథలు కొట్టించుకోవడానికి వచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. మిగతా రచయితలు కాగితాలిచ్చి పోతారు. ఈయన మాత్రం నేను కొడుతుంటే చూస్తూ, కామా దగ్గర ‘ఆగమ్మా’ అనేవారు. ఒక్కో కామాకి పది నిమిషాలు. నాకు పేజీ లెక్క, ఆయనకి కామా లెక్క. కూలి గిట్టదని ఆయనకీ తెలుసు. అందుకని వచ్చేటప్పుడు జామకాయలు తెచ్చేవారు.

ఆయన స్లిప్పు చూసి, కళ్లజోడు పైకి నెట్టి, ‘స్థలం లేదన్నది వాళ్లు. మధ్యలో ఈ బావనెందుకమ్మా తెచ్చావు?’ అన్నారు. ఇద్దరం ఎంత నవ్వామంటే పక్క జిరాక్సు షాపు వాళ్లు తొంగిచూశారు. నవ్వయ్యాక చెయ్యి చాపారు. ‘ఏదీ, ఆ కథ.’ అప్పటిదాకా నేను రాస్తానని ఆయనకి తెలియదు. ఐదేళ్లుగా పక్కన కూర్చున్న మనిషికి.

వారం తర్వాత కాగితాలు తిరిగిచ్చారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. పెన్సిల్‌తో మార్జిన్‌లో గీతలున్నాయి. రెండో పేజీ మొత్తానికి పక్కన నిలువు గీత గీసి ఒక మాట రాశారు: ‘ఇది నువ్వు రాసింది కాదు. నువ్వు కొట్టిన పుస్తకాల్లోది.’

మొహం మీద కొట్టినట్టయింది. హామీ పత్రం రాసిచ్చాను కదా, నా స్వంతమని! ఎక్కడా ఎత్తి రాయలేదు. కాని ఆయన గీత గీసిన చోట ఏముందంటే, వెన్నెల పిండారబోసినట్టు ఉంది. గవర్నర్‌పేట సందులో మెట్ల కింద గదిలో ఉండే నేను, వెన్నెల ఎప్పుడు చూశానండీ? నెలకి నాలుగు పుస్తకాలు కొట్టేదాన్ని. నాలుగింటిలోనూ వెన్నెల పిండారబోసే ఉండేది. వేళ్లకి అలవాటైపోయింది. ఒక మాట కొడితే దాని వెనకొచ్చే మాట వేళ్లే వెతుక్కుంటాయి. ఇప్పుడు ఫోన్లలో ఒక మాట కొట్టగానే తర్వాతి మాట అదే చూపిస్తుంది చూడండి, అచ్చం అలా. ఆ రోజుల్లో ఆ పని చేసే మిషన్ని నేనే.

ఆ పేజీ తీసేసి, లేజర్ ప్రింటరు వాసన, టోనరు పొడి పడి మా ఆయన తుమ్ములు, జిరాక్సు షాపు వాడి పాటలు, అవి రాశాను. అదే కథ 2004లో ఒక చిన్న మాసపత్రికలో వచ్చింది. పారితోషికం లేదు, రెండు కాపీలిచ్చారు. ఆ పత్రిక ఇప్పుడు లేదు.

ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపులో ఒకరు ఎనిమిది పేజీల కథ పెట్టారు. నలభై సెకన్లకి మొదటి చప్పట్ల బొమ్మ పడింది. తర్వాత దండాలు, పూలగుత్తులు, ‘అద్భుతం మేడమ్’. నేనూ ఒక పూలగుత్తి పెట్టాను, కథ ఇప్పటికీ చదవలేదు. ఆ రచయిత్రి ఇక్కడే ఉంటే క్షమించాలమ్మా, ఇవాళ రాత్రి చదువుతాను. పెన్సిల్ పట్టుకుని.

సంపాదకులెవరైనా ఉన్నారా? మీతో ఒక్క మాట. ఇప్పుడు మెయిల్లో పంపుతున్నాం, తిరుగు కవరు లేదు. బాగానే ఉంది. కాని జవాబూ లేదు. ఏడాది దాటాక ఫోను చేస్తే ‘ఇంకోసారి పంపండి, కనబడలేదు’ అంటారు. వాట్సాప్‌లో పంపితే రెండు నీలం టిక్కులు పడతాయి. అంతే. చూశారో, చదివారో, మనవడు ఫోను నొక్కాడో తెలియదు. నా స్లిప్పులో తప్పే ఉండనీండి, అదొక కాగితమండీ. ఒకరు పిన్ను గుచ్చి, కవరులో పెట్టి, నాలికతో తడిపి అంటించారు. వేరే పత్రికకి పంపుకోవచ్చని తెలిసేది. మీకు రోజుకి ఎన్ని వస్తాయో నాకు తెలుసు, మనుషులెంత మంది మిగిలారో కూడా తెలుసు. రెండు మాటలు చాలు, ‘వేసుకోవడం లేదు’ అని. చింతించక్కర్లేదు కూడా. కావాలంటే ఆ స్లిప్పు నేనే కొట్టిస్తాను. ఈసారి ప్రూఫు చూసి.

మూడో పాయింటు యూనికోడ్. అంటే ఇందాకటి తొడుగు అక్కర్లేకుండా, తెలుగు అక్షరం తెలుగేనని ఏ కంప్యూటరుకైనా తెలిసే నంబర్ల పద్ధతి. ఇది తొందరగా ముగిస్తాను, ఎందుకంటే నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991 నాటి మొదటి కూర్పులోనే ఉందట. 128 గడులు. నేను సెంటరు తెరవక ఐదేళ్ల ముందే! 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఇచ్చారు. లేఖిని వచ్చాక ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. అమెరికాలో ఉన్నవాళ్లు 1998 నుంచే ‘ఈమాట’ వెబ్ పత్రిక నడుపుతున్నారు. ఇదంతా జరుగుతుంటే నేను మెట్ల కింద అనులోనే ఉన్నాను. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ పడదు. ప్రెస్సులూ అనులోనే అడిగేవి. కస్టమరు అడగనిది నేనెందుకు నేర్చుకుంటాను?

2014లో సెంటరు మూసేశాం. రచయితలు ఫోన్లలో కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఫోను కొన్నాక నేనూ నేర్చుకున్నాను. మొదట ఏడిపించింది. ‘సాఫ్ట్‌వేర్’ అని కొడితే ట కింద వ వత్తు పడి ‘సాఫ్ట్వేర్’ అయ్యేది. మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి పెట్టాలని మా చెల్లెలి కొడుకు చెప్పాడు. వాడు డల్లాస్‌లో ఉంటాడు. 2018 ఫిబ్రవరిలో వాడే ఫోను చేసి, ‘పెద్దమ్మా, మన జ్ఞా కొడితే ఐఫోన్లు ఆగిపోతున్నాయి, ఇక్కడ వార్తల్లో వచ్చింది’ అన్నాడు. అలాంటి కనబడని గుర్తే ఇరుక్కున్న జ్ఞా మెసేజిలో వస్తే, ఆ ఆప్ మళ్లీ తెరుచుకునేది కాదట. కొద్దిరోజుల్లో ఆపిల్ వాళ్లు సరిచేశారనుకోండి. కాని నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. పద్దెనిమిదేళ్లు ఆ జ్ఞతో నా వేళ్లు పడ్డ బాధ, పోనీ వాళ్లకీ తెలిసింది.

ఇప్పుడు వేళ్లు నొప్పని, నోటితో చెబితే ఫోను రాసుకుంటుంది. ‘మామ్మ వత్తులు చేసుకుంటోంది’ అంటే ‘మా అమ్మ వత్తులు చేసుకుంటోంది’ అని వేసింది. కథలో ఒక తరం ఎగిరిపోయింది. దాంతో మళ్లీ వేళ్లే. కథ మొత్తం రాసిచ్చే మిషన్లు వచ్చాయంటున్నారు, దాని గురించి మధ్యాహ్నం మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు. నాకు మాత్రం వెన్నెల పిండారబోసిన పేజీ గుర్తొస్తుంది.

నాలుగోది పాయింటు కాదండీ. అసలు నేనివాళ వచ్చింది దీనికోసమే. కార్యదర్శి గారు అలా చీటీ పంపించకండి, చూశాను. ఇంకో ఐదు నిమిషాలు.

మాస్టారు 2021 మే నెలలో పోయారు. ఆ నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వెళ్లి చూడ్డానికి లేకపోయింది. ఆయన రెండో కథల సంపుటి అప్పటికి నా దగ్గర సగంలో ఉంది. పద్నాలుగు కథలు. సెంటరు మూసినా సీపీయూ అమ్మలేదు, ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన కోసమే అందులో కొట్టేదాన్ని, అనులోనే. ఆయనకి ఆ అక్షరం రూపమే ఇష్టం. సున్నాలు గుండ్రంగా ఉంటాయనేవారు.

మరుసటి ఏడు వాళ్లమ్మాయి గుంటూరు నుంచి ఫోను చేసింది. ‘అక్కా, నాన్న పుస్తకం ఫైలు నీ దగ్గరుందా?’ ‘ఉందమ్మా, భద్రంగా ఉంది. అనులో ఉంది కదా, యూనికోడ్‌లోకి మార్చి పంపుతాను’ అన్నాను. మార్చడం పెద్ద పనేం కాదు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఫైలు ఇస్తే మారుతుంది. కాని మారాక అక్షరం అక్షరం చదువుకోవాలి, వత్తులు చోటు మారతాయి. ఆ చదవడానికి కూర్చోవాలి. సంక్రాంతికి అన్నాను. ఉగాదికి అన్నాను. మళ్లీ సంక్రాంతి అన్నాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మా ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా వాన. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి. పొద్దున్న వాకిట్లో చీలమండ లోతు, చూస్తుండగా మోకాళ్ల లోతు. కృష్ణ చూస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర ఉప్పొంగుతోంది, మర్నాటికి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ నీళ్లు ఎటు పోవాలి? పైఅంతస్తు వాళ్లు తలుపు తీశారు. బియ్యం డ్రమ్ము, గ్యాసు సిలిండరు, మనవరాలు, ఇంటి కాగితాలు, మందులు. ఇవి పైకి చేర్చాం. మంచం కింద సీపీయూ గుర్తొచ్చేసరికి నడుం లోతు నీళ్లు, మంచం తేలుతోంది. మా ఆయన దిగుతానంటే నేనే పట్టుకుని ఆపాను.

రోజుల తరబడి మేడ మీదే. పడవల్లో పాలు తెచ్చారు, డ్రోన్లతో పొట్లాలు జారవిడిచారు. మనవరాలికి అది పండగలా ఉంది. నేను మాత్రం కింద నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను.

నీళ్లు తీశాక సీపీయూ మూత విప్పితే గరిటెతో తీసేంత ఒండ్రు. రిపేరు కుర్రాడు హార్డ్ డిస్కు చేతిలో పట్టుకుని ఊపి, ‘లాభం లేదాంటీ’ అన్నాడు. కాపీ తీసి పెట్టుకోలేదా అని మీరడుగుతారు. పెట్టాను. సీడీలో. ఆ సీడీ కవరు సీపీయూ మీదే ఉండేది. నా కథల ఫైళ్లు, తిరిగొచ్చిన కవర్లు, ఆ ఎర్రసిరా దిద్దిన స్లిప్పు, మాస్టారి పెన్సిల్ గీత ఉన్న పేజీ, అన్నీ అదే మంచం కింద ట్రంకు పెట్టెలో.

నా కథ దొరికింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం, తెలుగు కథల లైబ్రరీ, ఉంది కదా. ఆ చిన్న మాసపత్రిక సంచిక కూడా వాళ్ల దగ్గరుంది. స్కాన్ చేసిన పేజీ ఫోన్లో తెరిస్తే, నా పేరు కింద నా కథ. ఆ పేజీలో మూడు అచ్చుతప్పులున్నాయి, అవి నావి కాదు.

మాస్టారివి తొమ్మిది పత్రికల్లో వచ్చినవే, కత్తిరింపులు వాళ్లమ్మాయి దాచింది. ఇంకో నాలుగింటికి సెకండ్ ప్రూఫులు ఆయన బీరువాలో దొరికాయి, ఆయన దిద్దుబాట్లతో సహా. పదమూడూ కొట్టేశాను. యూనికోడ్‌లోనే. కామా దగ్గర ఆగి మరీ కొట్టాను. మిగిలింది ఒక్కటి.

రైల్వే గేటు కీపరు భార్య కథ. పేరు నాకు గుర్తులేదు, ఆయన మూడుసార్లు మార్చారు. రాత్రి గేటు దగ్గర లాంతరు పట్టుకుని నిలబడేది మొగుడు కాదు, ఆవిడ. అతనికి రేచీకటి. ఆ సంగతి బండి డ్రైవర్లకి తెలుసు, ఆఫీసర్లకి తెలియదు. అంతవరకే నాకు కథ గుర్తుంది. ఆ కథ ఏ పత్రికలోనూ రాలేదు. ఒక పత్రికకి పంపితే జవాబు రాలేదని, ఇంకెక్కడికీ పంపనన్నారు. చేతిరాత ప్రతి నా ట్రంకు పెట్టెలోనే ఉండేది. నేను కొట్టిన కథే, నా వేళ్ల మీదుగానే పోయింది. కాని పని తొందరలో కొట్టిన దాన్ని వేళ్లు గుర్తుపెట్టుకోవండీ. వెన్నెల గుర్తుంటుంది, అది గుర్తుండదు.

అయితే 2019లో మాస్టారు ఆ కథ చదివింది ఈ గదిలోనే. మన నెలవారీ సమావేశంలో. అప్పుడు ఫ్యాన్లు కూడా ఇవే. చదివేముందు జిరాక్సులు పంచారు, ఆ పాతిక ప్రతులూ తీయించి తెచ్చింది నేను. ఆ రోజు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. ఒకటి, రెండు... ఆ వెనక ఇద్దరు. ఏడుగురు. ఏడుగురున్నారు.

ఐదు కాగితాలు, ఏ-ఫోర్. ఎడమవైపు పైమూల స్టేప్లర్ పిన్ను. ఒకవైపే అచ్చు. రెండో పేజీ కింద టోనరు మరక, బొటనవేలంత. ఇంటికెళ్లాక పాత డైరీల్లో, పుస్తకాల మధ్య, కరెంటు బిల్లుల ఫైల్లో ఒక్కసారి చూడండి. ఆ ఏడుగురూ టీకి కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర మీ నంబర్లు రాసిపెట్టండి, నేను అక్కడే ఉంటాను.

వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ కాగితాల మీద మీరేదో ఒకటి రాసుకునే ఉంటారు. పర్లేదు, అలాగే ఇవ్వండి. అది నేను చదవను.